కొలిచిన గుసగుస

పాత మైక్రోవేవ్ సిగ్నల్ జనరేటర్ మొదటిసారి చూసేవాళ్లకు ఇనప్పెట్టెలా కనిపిస్తుంది. బూడిద రంగు ముఖం మీద రెండు పెద్ద డయళ్లుంటాయి. ఒకటి తిప్పితే ఫ్రీక్వెన్సీ (తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే అంకె) మారుతుంది. రెండోది తిప్పితే బయటికి వచ్చే సంకేతం బలం మారుతుంది. వాటి పక్కన ఒక ముల్లు మీటరు, కింద నాలుగైదు మీటలు, ఒక మూల బొటనవేలంత కనెక్టర్. ఒక్కరే ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. ఇంత బరువున్న పెట్టె ఆ కనెక్టర్ గుండా బయటికి పంపేది మహా అయితే ఒక మిల్లీవాట్ (వాట్‌లో వెయ్యో వంతు) శక్తి. చాలాసార్లు అందులో లక్షల కోట్ల వంతు మాత్రమే పంపుతుంది.

మన జేబులోని సెల్‌ఫోన్ అంతకు వందల రెట్లు ఎక్కువ శక్తిని ప్రసారం చేయగలదు. మరి ఈ పెట్టెలో అంత బరువు దేనికి? తరంగాన్ని పుట్టించడానికి అందులో ఖర్చయ్యే చోటు కొంచెమే. పుట్టిన తరంగం ఎంత ఉందో కచ్చితంగా తెలుసుకోవడానికి, దాన్ని అనుకున్నంతే బయటికి వదలడానికి, మిగతాది పెట్టె దాటకుండా ఆపడానికి, ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచడానికి మిగిలిన బరువంతా ఖర్చయింది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఆ సంగతే.

ముందు దీని అవసరం ఎక్కడ వచ్చిందో చూద్దాం. మైక్రోవేవ్ అంటే సుమారుగా 30 సెంటీమీటర్ల నుంచి మిల్లీమీటరు దాకా పొడవుండే రేడియో తరంగం. ఇంట్లో వైఫై, డాబా మీది డిష్ యాంటెన్నా, విమానాశ్రయంలో రాడార్ అన్నీ ఈ తరంగాలతోనే పనిచేస్తాయి. రాడార్‌నే తీసుకుందాం. అది ఆకాశంలోకి పెద్ద కేక పెడుతుంది. దూరాన ఉన్న విమానానికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం అతి సన్నగా ఉంటుంది. ఆ సన్నటి చప్పుడు వినగలిగేదే మంచి రిసీవర్. మరి ఒక రిసీవర్ మంచిదో కాదో ఎలా తేల్చాలి? ప్రతిసారీ విమానాన్ని ఎగరేసి చూడలేం. విమానం ఎగిరినా, దాని నుంచి ఎంత బలమైన ప్రతిధ్వని వచ్చిందో మనకు తెలియదు. అందుకని బల్ల మీదే ఒక నకిలీ ప్రతిధ్వనిని తయారుచేసి రిసీవర్ చెవిలో వేయాలి. దాని ఫ్రీక్వెన్సీ ఎంతో, బలం ఎంతో ముందే తెలిసి ఉండాలి.

కొట్లో కాటాను పరీక్షించడానికి ముద్ర వేసిన తూనికరాయి వాడతారు. రాయి బరువు ముందే తెలుసు కాబట్టి కాటా తప్పు బయటపడుతుంది. సిగ్నల్ జనరేటర్ అలాంటి తూనికరాయి. శ్రుతిపెట్టెతో పోల్చినా సరిపోతుంది గానీ సగం వరకే. శ్రుతిపెట్టె స్వరం ఎంతో చెబుతుంది. ఆ స్వరం ఎంత గట్టిగా వినిపిస్తోందో లెక్క చెప్పదు. ఈ పెట్టె రెండూ చెప్పాలి.

ఇక తరంగాన్ని పుట్టించే సంగతి. మామూలు రేడియో ఫ్రీక్వెన్సీల దగ్గర ఒక తీగచుట్ట, ఒక కెపాసిటర్, ఒక వాల్వు కలిపితే ఆసిలేటర్ (ఆగకుండా కంపించే సర్క్యూట్) తయారవుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తీగచుట్ట, కెపాసిటర్ చిన్నవవుతూ పోతాయి. 3 గిగాహెర్ట్జ్ (సెకనుకు 300 కోట్ల కంపనాలు) దగ్గరికి వచ్చేసరికి తరంగం పొడవు 10 సెంటీమీటర్లే. అక్కడ రెండంగుళాల తీగ ముక్క కూడా యాంటెన్నాలా తరంగాన్ని గాల్లోకి వదిలేస్తుంది. వాల్వుకు ఇంకో కష్టం ఉంది. దాని లోపల ఎలక్ట్రాన్ ఒక పలక నుంచి మరో పలకకు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆ కొద్ది సమయంలోనే తరంగం దిశ మార్చేసుకుంటుంది. తోసిన చెయ్యే వెనక్కి లాగినట్టవుతుంది. అందుకే మామూలు వాల్వులు అక్కడ మొరాయించాయి.

మొదటి చిక్కు తీర్చింది క్యావిటీ (లోపల బోలుగా ఉండే లోహపు గది). కుండ మూతి మీద ఊదితే లోపలి గాలి తన కొలతకు తగిన స్వరంతో మోగుతుంది. క్యావిటీలో విద్యుత్ తరంగం అలాగే మోగుతుంది. గోడలన్నీ లోహమే కాబట్టి తరంగం బయటికి పోదు. గది కొలత మారిస్తే స్వరం మారుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం హాన్సెన్ ఇలాంటి గదుల మీద పనిచేశారు. అక్కడికే రసెల్ వేరియన్, సిగర్డ్ వేరియన్ అనే అన్నదమ్ములు వచ్చారు. రసెల్ భౌతిక శాస్త్రం చదివినవాడు, సిగర్డ్ విమాన పైలట్. మబ్బుల్లోనూ చీకట్లోనూ విమానం జాడ తెలుసుకునే దారి కావాలన్నది సిగర్డ్ పట్టుదల. విశ్వవిద్యాలయం వాళ్లకు జీతం ఇవ్వలేదు. ప్రయోగశాలలో చోటు, సామాన్లకు 100 డాలర్లు ఇచ్చింది. 1937లో వాళ్ల చేతుల్లో క్లిస్ట్రాన్ పుట్టింది.

క్లిస్ట్రాన్ రెండో చిక్కునే పనిముట్టుగా మార్చుకుంది. ఎలక్ట్రాన్ ప్రయాణానికి సమయం పడుతుంది కదా, ఆ సమయాన్నే వాడుకుందామన్నది దాని వెనక ఆలోచన. ఇది అర్థం కావాలంటే సిటీ బస్సులను గుర్తు తెచ్చుకోవాలి. డిపో నుంచి పది నిమిషాలకొకటి చొప్పున సమానంగా బయల్దేరతాయి. దారిలో ముందుది నెమ్మదిస్తుంది, వెనకది వేగం పుంజుకుంటుంది. అరగంట ఎదురుచూసిన మనకు స్టాపులో మూడు బస్సులు ఒక్కసారే కనిపిస్తాయి. క్లిస్ట్రాన్‌లో ఎలక్ట్రాన్లకు జరిగేది ఇదే. క్యావిటీ దగ్గర ఉన్న కంపనం కొన్ని ఎలక్ట్రాన్లను తోస్తుంది, కొన్నిటిని ఆపుతుంది. కొంత దూరం పోయాక అవి గుంపులు కడతాయి. ఆ గుంపులు సరైన క్షణంలో క్యావిటీకి తమ శక్తిని ఇచ్చేలా చేస్తే కంపనం నిలబడుతుంది.

సిగ్నల్ జనరేటర్లలో ఎక్కువగా వాడింది రిఫ్లెక్స్ క్లిస్ట్రాన్ అనే రకం. 1940 ప్రాంతంలో బ్రిటన్‌లో రాబర్ట్ సట్టన్ తయారుచేసిన వాల్వు ఈ కుటుంబంలో పేరు పొందింది. ఇందులో క్యావిటీ ఒక్కటే. ఎలక్ట్రాన్లు దాన్ని దాటి ముందుకు పోతాయి. ఎదురుగా రిపెల్లర్ అనే పలక ఉంటుంది. దాని మీద గట్టి రుణ వోల్టేజి ఉంటుంది కాబట్టి అది ఎలక్ట్రాన్లను దగ్గరికి రానివ్వక వెనక్కి తోసేస్తుంది. బంతిని పైకి విసిరినట్టు ఊహించుకోండి. గట్టిగా విసిరిన బంతి ఎక్కువ ఎత్తు పోయి ఆలస్యంగా దిగుతుంది. మెల్లగా విసిరింది త్వరగా దిగుతుంది. ముందు గట్టిగా ఒకటి, తర్వాత మామూలుగా ఒకటి, చివర మెల్లగా ఒకటి విసిరితే మూడూ ఒకేసారి చేతిలో పడేలా చేయవచ్చు. అలా కలిసి తిరిగొచ్చిన ఎలక్ట్రాన్ల గుంపు క్యావిటీలో ఎదురుపోటు ఉన్న క్షణంలో ప్రవేశిస్తే, ఆగుతూ తన శక్తిని దానికి ఇచ్చేస్తుంది. లెక్క ప్రకారం పోయి రావడానికి ముప్పావు, ఒకటీ ముప్పావు, రెండూ ముప్పావు ఇలా ఏదో ఒక 'ముప్పావు' ఆవర్తనాల సమయం పట్టాలి. రిపెల్లర్ వోల్టేజి మారిస్తే ఆ సమయం మారుతుంది. అందుకే కొన్ని వోల్టేజిల దగ్గర క్లిస్ట్రాన్ మోగుతుంది, మధ్యలో మూగబోతుంది, మళ్లీ మోగుతుంది.

ఈ మోగే, మూగబోయే వరసను తెలుగు రాష్ట్రాల్లో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ చదివినవాళ్లలో చాలామంది స్వయంగా గీసే ఉంటారు. మైక్రోవేవ్ ల్యాబ్‌లో ఆనవాయితీగా మొదటి ప్రయోగం రిఫ్లెక్స్ క్లిస్ట్రాన్ లక్షణాలే. బల్ల మీద 2కే25 లాంటి చిన్న క్లిస్ట్రాన్, దాన్ని చల్లార్చే ఫ్యాను, దీర్ఘచతురస్రాకారపు ఇత్తడి గొట్టాల వరస, చివర ఒక మీటరు. రిపెల్లర్ వోల్టేజి కొంచెం కొంచెంగా మారుస్తూ మీటరు అంకెలు రికార్డులో రాస్తే గుట్టలు గుట్టలుగా వక్రరేఖ వస్తుంది. ఆ గుట్టలే మోడ్‌లు. బీమ్ వోల్టేజి (ఎలక్ట్రాన్లను పరుగెత్తించే వోల్టేజి) కంటే ముందు రిపెల్లర్ వోల్టేజి ఉండాలని, ఫ్యాను లేకుండా స్విచ్ వేయొద్దని ల్యాబ్‌లో పదేపదే చెబుతారు. చాలామంది దాన్ని కంఠతా పట్టేసి వదిలేస్తారు. కారణం సులువైనదే. రిపెల్లర్ మీద రుణ వోల్టేజి లేకపోతే ఎలక్ట్రాన్లు వెనక్కి తిరగవు. నేరుగా వెళ్లి ఆ పలకనే కొడతాయి. అది కాగిపోతుంది, వాల్వు పాడవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ ఈ విద్యను ఒక్కసారిగా ముందుకు నెట్టింది. 1940లో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ తయారుచేసిన క్యావిటీ మాగ్నెట్రాన్ గట్టి కేక పెట్టగలిగింది. రిసీవర్ లోపల సన్నటి తోడు స్వరంగా రిఫ్లెక్స్ క్లిస్ట్రాన్ పనిచేసింది. రాడార్లు వేల సంఖ్యలో తయారవుతుంటే వాటిని పరీక్షించే పరికరాలు కావాల్సి వచ్చాయి. 1939లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఒక కారు షెడ్డులో మొదలైన హ్యూలెట్ ప్యాకర్డ్ ఈ పనిలోకి వచ్చింది అలాగే. అమెరికా నౌకాదళ పరిశోధనశాల కోసం యుద్ధకాలంలో సిగ్నల్ జనరేటర్లు తయారుచేసింది. యుద్ధం ముగిశాక ఆ అనుభవంతోనే మైక్రోవేవ్ కొలత పరికరాల వరసను మొదలుపెట్టింది. హెచ్‌పీ అంటే మనకిప్పుడు ప్రింటరు, లాప్‌టాప్ గుర్తొస్తాయి. ఆ సంస్థ తొలి దశాబ్దాల పేరంతా కొలత పరికరాలదే. ఆ విభాగం 1999లో ఎజిలెంట్‌గా విడిపోయి, 2014 నుంచి కీసైట్ పేరుతో నడుస్తోంది.

హెచ్‌పీ మైక్రోవేవ్ వరసలో 616ఏ అనేది 1.8 నుంచి 4 గిగాహెర్ట్జ్ దాకా పనిచేసేది. 618బీ 3.8 నుంచి 7.6 దాకా, 620ఏ 7 నుంచి 11 దాకా. ఒకే పెట్టె ఇంత మేరా పలకలేకపోవడానికి కారణం క్యావిటీయే. చిన్న తంబురాతో పెద్ద తంబురా స్వరం రాదు. డయల్ తిప్పినప్పుడు లోపల ఒక లోహపు దిమ్మ ముందుకో వెనక్కో జరిగి క్యావిటీ పొడవు మారుస్తుంది. అదే సమయంలో రిపెల్లర్ వోల్టేజి కూడా తగినట్టు మారాలి, లేకపోతే క్లిస్ట్రాన్ మూగబోతుంది. అందుకని అదే ఇరుసుకు ఒక వేరియబుల్ రెసిస్టర్‌ను బిగించారు. చెయ్యి ఒక డయల్ తిప్పితే దిమ్మా, వోల్టేజీ జోడెడ్లలా కలిసి నడుస్తాయి. వాడేవాడు రిపెల్లర్ సంగతి పట్టించుకోనక్కర్లేకుండా నేరుగా డయల్ మీద అంకె చదువుకోవచ్చు. అప్పటి ఇంజినీరుకు ఇది పెద్ద ఊరట. అంతకుముందు వేవ్‌మీటరుతో (ఫ్రీక్వెన్సీ కొలిచే పరికరంతో) కొలిచి, చార్టులో వెతికి, సర్ది, మళ్లీ కొలవాల్సి వచ్చేది.

ఇప్పటిదాకా చెప్పింది తరంగం పుట్టుక. ఇక్కడి నుంచి అసలు కష్టం మొదలవుతుంది.

ఈ యంత్రాల బలాన్ని డీబీఎమ్ అనే లెక్కలో చెబుతారు. ఒక మిల్లీవాట్‌ను సున్నా డీబీఎమ్ అంటారు. అక్కడి నుంచి ప్రతి పది మెట్లు దిగితే శక్తి పదో వంతవుతుంది. 616ఏ డయల్ సున్నా నుంచి మైనస్ 127 దాకా దిగుతుంది. మైనస్ 127 అంటే మిల్లీవాట్‌ను 5 లక్షల కోట్లతో భాగించినంత. వోల్టేజిలో చెప్పాలంటే మైక్రోవోల్టులో పదో వంతు. ఇంత దూరం దిగడం ఆడంబరానికి కాదు. గది వేడికే ప్రతి వస్తువులోనూ ఎలక్ట్రాన్లు కదులుతూ సన్నటి హోరు పుట్టిస్తాయి. 1 మెగాహెర్ట్జ్ వెడల్పున్న రిసీవర్‌కు ఆ హోరు సుమారు మైనస్ 114 డీబీఎమ్. అంతకు కింద ఉన్న సంకేతం హోరులో మునిగిపోతుంది. అంటే రిసీవర్ ఎక్కడ వినడం మానేస్తుందో చూడాలంటే ఆ గీత కిందికి కూడా దిగగలిగే తూనికరాయి కావాలి.

సంకేతాన్ని 5 లక్షల కోట్ల వంతుకు లెక్క తప్పకుండా ఎలా తగ్గించాలి? రెసిస్టర్లతో మెట్లు కట్టవచ్చు. అయితే ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర రెసిస్టర్ పక్క నుంచి కూడా తరంగం దూకి పోతుంది. ఈ యంత్రాల్లో వాడిన ఉపాయం నాకు ఈ మొత్తం విషయంలోకెల్లా అందమైనదిగా తోస్తుంది. దాని పేరు పిస్టన్ అటెన్యుయేటర్ (జారే కడ్డీతో సంకేతాన్ని కొలత ప్రకారం తగ్గించేది).

దీన్ని అర్థం చేసుకోవడానికి మళ్లీ కాలేజీ ల్యాబ్ బల్ల దగ్గరికి వెళ్దాం. అక్కడి ఇత్తడి వేవ్‌గైడ్ (తరంగం నడిచే గొట్టం) లోపలి వెడల్పు 22.86 మిల్లీమీటర్లు. దానిలోంచి 6.56 గిగాహెర్ట్జ్ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం నడవదు. గొట్టం దానికి ఇరుకు. ఈ హద్దును కటాఫ్ అంటారు. మరి ఇరుకు గొట్టం మూతి దగ్గర తరంగాన్ని పెడితే ఏమవుతుంది? లోపలికి కొంచెం తొంగిచూస్తుంది, కానీ ముందుకు నడవలేక వేగంగా సన్నబడిపోతుంది. ఆ సన్నబడటం ఒక కచ్చితమైన లెక్క ప్రకారం జరుగుతుంది. గుండ్రటి గొట్టంలో, కటాఫ్‌కు బాగా కిందనున్న తరంగమైతే, గొట్టం వ్యాసమంత దూరం పోయేసరికి సుమారు 32 డెసిబెల్ (డీబీఎమ్ లెక్కలో 32 మెట్లు) తగ్గుతుంది. అంటే సుమారు 1,600వ వంతు. ఇంకో వ్యాసమంత దూరం పోతే మళ్లీ అంతే తగ్గుతుంది. గొట్టం లోపల ఒక చిన్న తీగ ఉంగరాన్ని కడ్డీ చివర అమర్చి వెనక్కి లాగితే చాలు. ఒక సెంటీమీటరు వ్యాసమున్న గొట్టంలో నాలుగు సెంటీమీటర్లు లాగితే 127 డెసిబెల్ దాటిపోతుంది.

ఇందులోని గొప్పతనం ఆలోచించండి. ఎంత తగ్గిందన్న లెక్క ఏ వాల్వు వయసు మీదా ఆధారపడలేదు. గొట్టం వ్యాసం, కడ్డీ జరిగిన దూరం, ఈ రెండే కావాలి. లేత్ దగ్గరి పనివాడు గొట్టాన్ని ఎంత నున్నగా, ఎంత కచ్చితంగా తీశాడో అంత కచ్చితం. విద్యుత్ కొలత స్కేలు కొలతగా మారిపోయింది. ఏ పాతికేళ్లకు తెరిచి చూసినా గొట్టం వ్యాసం అంతే ఉంటుంది. డయల్ మీద గీతలు సమాన దూరంలో ఉండటానికి కారణమూ ఇదే.

చిక్కులు లేకపోలేదు. గొట్టం మూతికి మరీ దగ్గరగా ఉన్నప్పుడు రకరకాల తరంగ రూపాలు కలిసి ఉంటాయి. వాటిలో చాలావాటికి ఆయుష్షు తక్కువ, కొద్ది దూరంలోనే పోతాయి. అవి పోయేదాకా లెక్క సూటిగా రాదు. కాబట్టి మొదటి కొంత దూరాన్ని వదిలేసుకోవాలి. దానివల్ల శక్తి వృథా అవుతుంది. క్లిస్ట్రాన్ తయారుచేసినదానిలో చిన్న భాగమే చివరకు బయటికొస్తుంది. ఇంకొకటి, సెంటీమీటరుకు 32 డెసిబెల్ అంటే మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా 0.3 డెసిబెల్ తప్పు. పళ్లచక్రాల మధ్య సందు ఉంటే డయల్ అటు నుంచి తిప్పినప్పుడు ఒకటి, ఇటు నుంచి తిప్పినప్పుడు ఒకటి చూపిస్తుంది. అలవాటైనవాళ్లు ఎప్పుడూ ఒకే వైపు నుంచి అంకె మీదికి వస్తారు.

అటెన్యుయేటర్ చెప్పేది ఎంత తగ్గిందన్నదే. మొదట ఎంత ఉందో వేరుగా తెలియాలి. అందుకు వాడింది థర్మిస్టర్, అంటే వేడెక్కితే విద్యుత్ నిరోధం తగ్గే ఆవగింజంత పూస. దాన్ని ఒక బ్రిడ్జి సర్క్యూట్‌లో పెట్టి, మామూలు డీసీ కరెంటుతో కొంత వేడి చేసి, త్రాసు సరితూగేలా చేస్తారు. ఇప్పుడు మైక్రోవేవ్ శక్తి పూస మీద పడితే అది ఇంకా వేడెక్కి త్రాసు ఒరుగుతుంది. మళ్లీ సరితూగాలంటే డీసీ ఎంత తగ్గించాలో, అంతే మైక్రోవేవ్ శక్తి వచ్చిందన్నమాట. వేడికి తనను పుట్టించింది డీసీయో, 300 కోట్ల కంపనాలో తేడా లేదు. వోల్టుమీటరుతో కొలవగలిగే డీసీని సాక్షిగా పెట్టి కంటికందని తరంగాన్ని తూచారు. ముఖం మీది ముల్లు మీటరు పని ఇదే. ముందు సున్నా సరిచేసి, తర్వాత ముల్లును గుర్తు మీదికి తెచ్చి, ఆపైన అటెన్యుయేటర్ డయల్‌ను నమ్మాలి. ఈ క్రమం తప్పితే డయల్ మీది అంకెకు అర్థం ఉండదు.

మూడో కష్టం తరంగం బయటికి కారడం. డయల్ మైనస్ 127 దగ్గర పెట్టాం. కానీ పెట్టె కీళ్లలోంచి, కరెంటు తీగ వెంబడి మైనస్ 100 అంత శక్తి బయటికి కారుతోందనుకోండి. రిసీవర్ కేబుల్ గుండా వచ్చింది వినదు. గాల్లోంచి వచ్చిన 500 రెట్లు పెద్ద చప్పుడే వింటుంది. ఇంజినీరు రిసీవర్ అద్భుతంగా ఉందనుకుని సంతోషిస్తాడు. ఆ రాడార్ సముద్రం మీదికి వెళ్లాక అసలు సంగతి తెలుస్తుంది. అందుకే క్లిస్ట్రాన్ చుట్టూ మందపాటి లోహపు గూడు, మూతల అంచుల్లో లోహపు మెత్తలు, లోపలికి వెళ్లే ప్రతి తీగకూ ఫిల్టర్ పెట్టారు. బరువులో చెప్పుకోదగ్గ భాగం ఈ కట్టడిది. ఇంకో పెద్ద భాగం పవర్ సప్లైది. రిపెల్లర్ వోల్టేజి కొంచెం వణికితే ఫ్రీక్వెన్సీ వణుకుతుంది కాబట్టి ఆ వోల్టేజిని నిలకడగా ఉంచడానికి ట్రాన్స్‌ఫార్మర్లు, వాల్వులు బారులు తీరాయి.

ఒక చిన్న విషయం, ల్యాబ్‌లో చాలామందికి అనుమానం వచ్చేది. ల్యాబ్ బల్ల మీది క్లిస్ట్రాన్‌లో తరంగాన్ని సెకనుకు వెయ్యిసార్లు ఆపి వదిలే ఏర్పాటు ఉంటుంది. అది ఎందుకు? క్రిస్టల్ డయోడ్ మైక్రోవేవ్‌ను అందుకుని ఇచ్చే డీసీ చాలా సన్నది. డీసీని పెంచబోతే దానితోపాటు యాంప్లిఫయర్ సొంత జారుడు కూడా పెరుగుతుంది. అదే వెయ్యి హెర్ట్జ్ చప్పుడుగా మారిస్తే, ఆ ఒక్క స్వరాన్నే వినే మీటరుతో సులువుగా పెంచవచ్చు. మరి ఆపడం వదలడం చతురస్రపు అంచులతో, అంటే పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్‌గా ఎందుకు? రిపెల్లర్ వోల్టేజి మెల్లగా పెంచి తగ్గిస్తే బలంతో పాటు ఫ్రీక్వెన్సీ కూడా జారిపోతుంది. రెండే మెట్లుంటే ఆ బాధ ఉండదు.

ఈ యంత్రాల బలహీనత ఫ్రీక్వెన్సీ డయల్‌లో ఉంది. దాని కచ్చితత్వం సుమారు ఒక శాతం. 3 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక శాతం అంటే 30 మెగాహెర్ట్జ్. ఇవాళ్టి వైఫైలో ఒక మామూలు ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. డయల్ తప్పు ఛానెల్ కంటే పెద్దది. పైగా పెట్టె వేడెక్కేకొద్దీ క్యావిటీ లోహం సాగి స్వరం మెల్లగా జారుతుంది. అప్పటి రాడార్లకు ఇది సరిపోయింది. తర్వాత ఛానెళ్లు ఇరుకయ్యాక సరిపోలేదు. 1960ల నాటికి బ్యాక్‌వర్డ్ వేవ్ వాల్వులతో డయల్ తిప్పకుండానే ఫ్రీక్వెన్సీ మొత్తం తుడిచే యంత్రాలొచ్చాయి. ఆపైన యిట్రియం ఇనుము గార్నెట్ అనే పదార్థంతో చేసిన చిన్న గోళీని అయస్కాంతం మధ్య పెట్టి, అయస్కాంత బలంతో స్వరం మార్చే ఆసిలేటర్లు వచ్చాయి. 1970ల రెండో సగంలో వచ్చిన 8672ఏ లాంటి సింథసైజర్లు 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా ప్రతి స్వరాన్నీ ఒక క్వార్ట్జ్ స్ఫటికానికి ముడివేశాయి. అంతటితో క్లిస్ట్రాన్ జనరేటర్ పని ముగిసింది. ప్రయోగశాలలు వాటిని ఒక్కొక్కటిగా గోదాముల్లోకి పంపాయి.

హైదరాబాదులో రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల, ఈసీఐఎల్ లాంటి సంస్థలు 1960ల నుంచి ఉన్నాయి. ఎదుటివాడి రాడార్‌ను పసిగట్టే రిసీవర్లు తయారుచేసే చోట కొలిచిన సంకేతం లేకుండా రోజు గడవదు. ఈ తరహా పనిలో జీవితం గడిపిన ఇంజినీర్లు మన మధ్య చాలామంది ఉన్నారు. వాళ్లకు డయల్ వెనక ఏముందో చెప్పనక్కర్లేదు. ఇప్పటి విద్యార్థికి మాత్రం చెప్పాలి. అతని చేతిలో ఇప్పుడు అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దాని ఫ్రీక్వెన్సీ పాత డయల్ కంటే వేల రెట్లు కచ్చితం, ధర కూడా అందుబాటులోనే ఉంది. అయితే చాలా చౌక బోర్డులకు లోహపు గూడు ఉండదు, లోతైన అటెన్యుయేటర్ ఉండదు. దాన్ని రిసీవర్ పక్కన పెట్టి, కేబుల్ పీకేసి చూడండి. చాలాసార్లు సంకేతం ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. అరవై ఏళ్ల కిందటి ఇనప్పెట్టె కష్టపడి సాధించింది ఏమిటో ఆ ఒక్క పరీక్షతో తెలిసిపోతుంది.

పాత యంత్రం ఒకటి చేతికి వస్తే ఏం చేయాలి? ముందు వెనక వైపు చూడాలి. అమెరికా కరెంటు 115 వోల్టులు, మనది 230. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ దేనికి కలిపి ఉందో చూడకుండా ప్లగ్గు పెట్టకూడదు. ఏళ్ల తరబడి వాడని కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా పూర్తి వోల్టేజి ఇస్తే పేలవచ్చు. క్లిస్ట్రాన్‌కు వెళ్లే వోల్టేజి ప్రాణం తీయగలదు, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. అనుభవం లేనివాళ్లు మూత తెరవకపోవడం మంచిది. డయల్ బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా తిప్పకూడదు. లోపల గ్రీజు జిగురైపోయి ఉంటుంది, పళ్లచక్రం విరిగితే దొరకదు. ఇంకొక ప్రమాదం బయటి నుంచి వస్తుంది. పరీక్షిస్తున్న సెట్ రిసీవరూ ట్రాన్స్‌మిటరూ రెండూ అయి, పొరపాటున దాని ప్రసారం మీట నొక్కితే, ఆ శక్తంతా వెనక్కి జనరేటర్‌లోకి పోతుంది. మిల్లీవాట్ కోసం చేసిన సన్నటి భాగాలు కాలిపోతాయి. పాత జనరేటర్లలో కొన్నిటి చావు ఇలాగే వచ్చింది.

అన్నీ సరిగా ఉంటే, స్విచ్ వేసి కనీసం అరగంట వదిలేయాలి. లోహం వేడెక్కి కుదురుకోవాలి. తర్వాత మీటరు సున్నా సరిచేసి, ముల్లును గుర్తు మీదికి తెచ్చి, డయల్‌ను 3 గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టి ఒక ఆధునిక స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కు కలపండి. తెర మీద ఒక సన్నని గీత లేస్తుంది. అది 3 దగ్గర ఉండదు, కొంచెం పక్కన ఉంటుంది. కొద్దిగా ఊగుతుంటుంది కూడా. ఇప్పుడు అటెన్యుయేటర్‌ను పది మెట్లు దించండి. గీత పది మెట్లు దిగుతుంది. ఇంకో పది దించితే ఇంకో పది. ఎనలైజర్ హోరులో ఆ గీత మునిగిపోయేదాకా ఆ వరస అలా సాగుతుంది. చేతిలో డయల్ తిరుగుతున్నప్పుడు లోపల ఒక కడ్డీ మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి జరుగుతున్న సంగతి వేళ్లకు తెలుస్తుంది.